భర్త శవం దొరకని మనిషి మళ్ళీ ప్రేమించవచ్చా? నవల మధ్యలో ఆగిపోయాను

విభాగం: నవల, కథ – రచనలో ఉన్నవి

గౌతమి గట్టు (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడమే తక్కువ. ఇప్పుడు రాస్తున్న నవల గౌతమీ పాయ సముద్రంలో కలిసే వైపు, ఐ.పోలవరం దగ్గరి ఒక ఊళ్ళో జరుగుతుంది. ఊరు కల్పితం, తుపాను కాదు. 1996 నవంబరు 6 రాత్రి అది కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. వెయ్యి మందికి పైగా పోయారు. చేపల వేటకు వెళ్ళి తిరిగిరానివాళ్ళ లెక్క ఈనాటికీ ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. నా కథలోని ఆమె భర్త అలా వెళ్ళినవాడే. అది దీపావళి వారం. ఇంట్లో కూరిన మతాబులు చూరు కింద ఆరుతుండగా వెళ్ళాడు.

ఆ దంపతుల మధ్య ప్రేమ ఉందని మొదటి ఆరు అధ్యాయాలు రాసేదాకా నాకే తెలియదు. ఇద్దరూ కూర్చుని మనసువిప్పి మాట్లాడుకున్న సన్నివేశం ఒక్కటీ లేదు. అతను పోయాక ఆమె పులుసులో కారం తగ్గించదు. ఆమెకు కడుపులో మంట, ఆ కారం అతని కోసం వేసేది. ఏడాది తిరిగినా అంతే వేస్తుంది, తినలేక మజ్జిగ తాగి పడుకుంటుంది. అది రాశాకే వీళ్ళ కాపురం ఎలాంటిదో నాకు అర్థమైంది.

దుఃఖం దగ్గర చిక్కు మొదలైంది. శవం దొరికిన ఇంటికి ఒక తిథి ఉంటుంది, ఏటా తద్దినం పెట్టుకోవడానికి ఒక రోజు ఉంటుంది. ఈమెకు అదీ లేదు. ఇక కష్టాన్ని తట్టుకుని నిలబడటం అంటారే, ఆ మెచ్చుకోలు మీద నాకు గట్టి అనుమానం. తుపాను తరువాత ఊరు చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ అదే అన్నారు, అని జీపెక్కి వెళ్ళిపోయారు.

నేను ఆగిన చోటు ఇది. కూలిన తోటలో మళ్ళీ నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏడేళ్ళు. ఆచూకీ లేని మనిషిని చట్టం చనిపోయినట్టు భావించడానికీ ఏడేళ్ళే. 2003లో గోదావరి పుష్కరాలు కూడా వచ్చాయి. ఆ ఏడు మొదటి దింపు రోజున, అంటే చెట్లెక్కి కాయలు దించే రోజున ఆమె, దింపు తీసే మనిషిని చేసుకుంటానని ఇంట్లో చెబుతుంది. అన్నీ కలిసొచ్చాయి. అయినా రాయబోతే చెయ్యి కదలడం లేదు. మీరేమంటారు?

కొబ్బరి తోట

తోట సంగతి నేను చెబుతాను, మనసు సంగతి మీరు చూసుకోండి. మాది అంబాజీపేట దగ్గర. మీ లెక్కలో తేడా ఉందండీ. నవంబరులో తుపాను వస్తే డిసెంబరులో ఎవరూ మొక్క నాటలేదు. పడిన చెట్లు కోసి బయటకు లాగడానికే నెలలు పట్టింది. 97 తొలకరికి నాటినవాళ్ళు అదృష్టవంతులు. దేశవాళీ పొడుగు రకం ఆరేడేళ్ళకు గెల వేస్తుంది, దింపు కూలీ గిట్టేంత కాపు రావాలంటే ఆ పైన ఇంకా ఆగాలి. గోదావరి గంగ అని మా అంబాజీపేట పరిశోధన కేంద్రం ఇచ్చిన సంకర రకమైతే నాలుగైదేళ్ళకే కాపుకొస్తుంది. ఏది నాటిందో చెప్పకుండా ఏడేళ్ళు అని రాస్తే ఇక్కడ చదివేవాళ్ళు నవ్వుతారు.

ఇంకొకటి మీకు పనికొస్తుందేమో చూడండి. ఆ రాత్రి పడిన చెట్లకంటే పడకుండా నిలిచిన చెట్లే మమ్మల్ని ఎక్కువ ఏడిపించాయి. గాలి సుడికి చెట్టు నెత్తిన ఉండే లేత మొవ్వు మెలితిరిగిపోయింది. కింద నుంచి చూస్తే చెట్టు బాగానే ఉంది, రెండు మూడు కమ్మలు పచ్చగా కూడా ఉన్నాయి. సంక్రాంతి దాటాక మొవ్వాకు పట్టుకుని లాగితే చేతికి ఊడివచ్చింది, అడుగున కుళ్ళి ఒకటే వాసన. మా నాన్నగారు రోజూ సాయంత్రం వెళ్ళి ఒక్కొక్క చెట్టునూ తలెత్తి చూసి వచ్చేవారు. ఏది బతికిందో తేలడానికి ఎండాకాలం దాకా పట్టింది. అంతవరకూ నరకనివ్వలేదు.

ఏడేళ్ళపాటు ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోలేదు కూడా. కొబ్బరి వరసల మధ్య అరటి పెట్టారు, కంద పెట్టారు. అరటి ఏడాది తిరిగేసరికి గెల ఇస్తుంది. కవిత్వమంతా కొబ్బరి మీదే వస్తుంది గానీ మా అప్పు తీర్చింది అరటి.

పుస్తకాల సంచి

ఏడేళ్ళ చెట్టు, ఏడేళ్ళ చట్టం, పైన పుష్కరం. ఇన్ని ఒకేచోట కుదిరాయంటే పాఠకుడికి పాత్ర కనిపించదు, రచయిత్రి వేళ్ళు కనిపిస్తాయి. మీ చెయ్యి కదలకపోవడం మంచికే అనుకుంటున్నాను.

నా రెండో అభ్యంతరం మీ శీర్షిక మీద. 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినప్పటి నుంచి మన కథల్లో ఇదే ప్రశ్న: ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చా? అది అగ్రవర్ణాల ఇళ్ళలో పుట్టిన ప్రశ్న. ఏటినీ సముద్రాన్నీ నమ్ముకుని బతికే చాలా కులాల్లో మారుమనువు అప్పటికే ఆచారం. మీ ఊళ్ళో ‘చేసుకోవచ్చా’ అని ఎవరూ అడగరు. పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, పడవలో వాటా ఎవరిది, అత్త ముసలితనంలో ఎవరింట్లో తింటుంది అని అడుగుతారు. ఆ ప్రశ్నల మధ్య ప్రేమ ఎలా నెగ్గుకొస్తుందో రాయండి, చదువుతాను. లేకపోతే మరో పవిత్రమైన కన్నీటి నవల అవుతుంది, అవి మన దగ్గర బీరువా నిండా ఉన్నాయి.

ఆవకాయ జాడీ

నాదో చిన్న ఫిర్యాదు. ఇప్పటిదాకా ఎవరూ నవ్వలేదు. గోదావరి జిల్లాల్లో నవ్వకుండా కర్మకాండ అయిన ఇల్లు చూపించండి! మా పెదనాన్న పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర ఒకాయన ‘పోయినాయన ఉండి ఉంటే ఈ వంటవాణ్ణి గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు’ అన్నాడు. పెద్దమ్మ ఏడుస్తూ ఏడుస్తూ పక్కున నవ్వింది. అప్పటిదాకా ఆమె ముద్ద నోట పెట్టలేదు, ఆ తరువాత తింది. నవలలో వెటకారం లేకపోతే అది మా జిల్లా నవల కాదు, అంతే.

రేవు మలుపు

రాయాలా వద్దా అని రెండు మూడు సార్లు ఆలోచించి రాస్తున్నాను. మా నాన్న ఆ రాత్రి సముద్రంలో ఉన్నారు. నేను అప్పటికి చిన్నపిల్లవాణ్ణి. ఊరి పేరు చెప్పను, చెబితే ఇంటి పేరుతో సహా తెలిసిపోతుంది.

గౌతమి గట్టు గారూ, మీ కారం సంగతి చదివి చాలాసేపు ఆగాను. మా ఇంట్లో అది తలుపు. అమ్మ రాత్రిళ్ళు గడియ పెట్టేది కాదు. వేట నుంచి వచ్చే మనిషికి వేళంటూ ఉండదు కాబట్టి ముందు నుంచీ ఉన్న అలవాటే. దొంగలు పడతారని మేనమామ కోప్పడితే ‘ఏముందని పడతారు, పడితే వాళ్ళే ఏదైనా పెట్టి పోవాలి’ అనేది.

ఏడ్చిన అమ్మ నాకు పెద్దగా గుర్తులేదు. తిట్టిన అమ్మ గుర్తుంది. రేడియోలో చెప్పారు కదా, పడవ నడిపే సరంగుకు బుద్ధి లేకపోతే ఈయనకేమైంది అని. వల అల్లుతూ తిట్టేది, ఇసుకలో ఎండుచేపలు తిరగేస్తూ తిట్టేది. మధ్యలో ఆగి, జవాబు రానందుకు ఇంకా మండిపడేది.

పడవలు ఒడిశా వైపు కొట్టుకుపోయాయని, అక్కడెక్కడో బతికే ఉన్నారని ఒక మాట చాలాకాలం తిరిగింది. ఎవరు పుట్టించారో తెలియదు. ఆ మాట మళ్ళీ లేచినప్పుడల్లా మా ఇంట్లో గాజులు తీయించే గొడవ వాయిదా పడేది. దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి కర్మ జరిపిద్దామని పెద్దవాళ్ళు అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. ‘గడ్డిబొమ్మను కాల్చి మనిషి పోయాడని నా నోటితో నేను చెప్పాలా’ అంది. పరిహారం కోసం తిరిగిన చోటేమో కాగితం అడిగారు. శవం లేనిదే కాగితం లేదు, కాగితం లేనిదే డబ్బు లేదు. ఇంట్లో ఆయన చావలేదని పోట్లాడాలి, బయట బల్ల ముందు నిలబడి ఆయన చచ్చిపోయారని పోట్లాడాలి. రెండూ ఒకే పూట చేసిన రోజులున్నాయి. నేను పక్కన ఉన్నాను.

ఎండుచేపల గంప ఎత్తుకుని ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి యానాం వెళ్ళేది. వంతెన 2002లో వచ్చింది, అంతవరకూ రేవు దాటడమే. 2003 పుష్కరాలకు నాయనమ్మ పట్టుబట్టి కోటిపల్లిలో కొడుక్కి పిండం పెట్టించింది. పెట్టింది నేనే. అమ్మ మాతో వచ్చింది గానీ నీళ్ళలో దిగలేదు. గట్టు మీద మా చెప్పులకు కాపలా కూర్చుంది. తిరిగివస్తూ అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒకే పొట్లంలో పులిహోర తిన్నారు. ఆ సంగతి మీద వాళ్ళు మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళు ఉన్నారు. చేసుకోకపోవడం గొప్ప అని నేను అనను. మా పిన్ని భర్త కూడా అదే పడవలో వెళ్ళాడు, పిన్ని చేసుకుంది. పాత బాబాయి పేరు ఎత్తితే ఇప్పటికీ ఆమె గొంతు మారుతుంది, కొత్త బాబాయి లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇస్తాడు. ఎవరి ప్రేమ ఎక్కువని తూచాలి? అమ్మను ధైర్యవంతురాలని ఎవరైనా అంటే ఆమెకు నచ్చదు. గంప దించితే సాయంత్రానికి అప్పులవాడు వస్తాడు, అందుకే మోశాను అంటుంది.

నల్లకోటు

రేవు మలుపు గారు రాసిన తరువాత చట్టం మాట్లాడటం ఇబ్బందిగానే ఉంది, కానీ నవలకు అవసరం. నేను అమలాపురంలో న్యాయవాదిని.

మీరు చెప్పే ఏడేళ్ళు పాత సాక్ష్య చట్టం 108వ సెక్షన్‌లోనివి. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో అది 111, కానీ మీ కథ 2003 కాబట్టి పాతదే రాయండి. ఏడేళ్ళపాటు, సహజంగా కబురు అందవలసినవాళ్ళకు ఏ కబురూ అందకపోతే, అతను బతికే ఉన్నాడని చెప్పేవాళ్ళే రుజువు చేయాలి. ఏ రోజు పోయాడన్నది ఆ సెక్షన్ చెప్పదు. అంటే మీరు అడిగిన తిథి చట్టం దగ్గర కూడా దొరకదు. ఇంకో మాట, 2003 పుష్కరాలు జులై 30న మొదలై ఆగస్టులో ముగిశాయి. అప్పటికి ఏడేళ్ళు నిండలేదు. నాయనమ్మ పిండం పెట్టించే నాటికి చట్టం దృష్టిలో ఆ కొడుకు ఇంకా బతికే ఉన్నాడు.

అసలు మీకు చెప్పాలనుకున్నది ఇది. భర్తో భార్యో బతికుండగా మరో పెళ్ళి చేసుకోవడం నేరమని చెప్పే పాత శిక్షాస్మృతి 494వ సెక్షన్‌కు ఒక మినహాయింపు ఉంది. మొదటి మనిషి ఏడేళ్ళు ఆచూకీ లేకుండా పోతే అది నేరం కాదు. అయితే షరతు ఉంది: పెళ్ళికి ముందే, చేసుకోబోయే మనిషికి ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాలి. నేరం కాదన్నంతవరకే సుమా. పెళ్ళి చెల్లుబాటు దగ్గర పేచీ రాకూడదంటే హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద విడాకుల డిక్రీ తీసుకోవడం క్షేమం. ఏడేళ్ళ ఆచూకీ లేకపోవడం అక్కడ విడాకులకు ఒక కారణం. చనిపోయాడనుకున్న మనిషికి విడాకులు ఇవ్వాలి, అదీ సంగతి. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ ఈ మాట విని దావా వద్దని లేచి వెళ్ళిపోయింది.

మనోవీధి

కాకినాడలో మానసిక వైద్యం చేస్తున్నాను. రేవు మలుపు గారు ఇంట్లో ఒక మాట, బల్ల ముందు ఒక మాట అన్నారు చూడండి, దాని మీద పెద్ద పరిశోధనే ఉంది. పాలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో, వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన వైమానికుల కుటుంబాలతో ఈ పని మొదలుపెట్టారు. ఇలాంటి దుఃఖాన్ని ఒక కొలిక్కి తెచ్చి ముగించాలని చూడటమే తప్పంటారావిడ. ఉన్నాడు, లేడు అనే రెండు మాటల్నీ కలిపి మోస్తూనే మనుషులు పనులు చేసుకోగలరు.

రచయిత్రికి ఒక విన్నపం. దయచేసి ఆమెను దుఃఖానికి చెప్పే ఆ అయిదు మెట్లు ఎక్కించకండి. నమ్మకపోవడం, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం అంటూ 1969లో మనోవైద్యురాలు కుబ్లర్‌-రాస్ చెప్పినవి తమ చావు దగ్గరపడిన రోగులను చూసి రాసినవి. వెనక మిగిలినవాళ్ళకు వాటిని తరువాత అంటగట్టారు.

ఏడాది దాటినా తిండీ నిద్రా పట్టక, రోజులో ఎక్కువ భాగం అదే బాధలో కూరుకుపోయే మనిషికి వైద్యం అవసరం. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో పెద్దవాళ్ళకు పెట్టిన గడువు పన్నెండు నెలలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలే అంటుంది. మనవాళ్ళు నెలనెలా మాసికాలు పెట్టి సంవత్సరీకంతో ఏడాదికి ఒక ముడి వేశారు. ఆ ముడి వేసుకునే వీలు కూడా ఈమెకు లేకుండా పోయింది.

ఆవకాయ జాడీ

డాక్టరు గారూ, మా పెద్దమ్మకు వంటవాడే వైద్యం చేశాడు. ఫీజు కూడా వాడికే ఇచ్చాం.

మూడో హెచ్చరిక

మాది గోదావరి మధ్యలోని లంక. మీరంతా ఒక్క రాత్రి గురించి మాట్లాడుతున్నారు, మాకు ఇది ఏటా వచ్చే చుట్టం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో వరద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో 21 అడుగులు దాటింది, 25 లక్షల క్యూసెక్కుల పైన వదిలారు. మా అరుగు స్తంభం మీద 86 వరద గీత ఉంది. మా తాత ప్రతి వరదకూ టార్చి వేసి ఆ గీతను చూసుకునేవాడు. ‘దానికింకా రాలేదు’ అనేవాడు, అది ఆయన ధైర్యం. రెండో హెచ్చరికకే గేదెలను ఏటిగట్టు ఎక్కించడం, బియ్యం అటక మీద పెట్టడం మాకు చెప్పక్కర్లేదు. వరద తీశాక గట్టు పటిష్ఠం చేయమని అడిగితే మాత్రం లంకవాసుల మనోధైర్యం గొప్పదని చెబుతారు. అందుకని ఆ మెచ్చుకోలు మీద మీ అనుమానానికి నా ఓటు.

కొత్తగాలి

ఎవరూ ఏమీ అనుకోకండి. 96 అయిపోయి ఎంతో కాలమైంది. చచ్చినవాళ్ళను అడ్డంపెట్టుకుని ఇప్పుడు నవల రాసి అమ్ముకోవడం దేనికి? బతికున్నవాళ్ళ సమస్యలు రాయవచ్చు కదా.

రేవు మలుపు

తమ్ముడూ, మా అమ్మ బతికే ఉంది.

నిర్వాహకులు

చర్చ నవల మీదే సాగనివ్వండి. వరద పరిహారం మీద వచ్చిన వ్యాఖ్యలను వేరే చర్చకు మార్చాం.

గౌతమి గట్టు

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. కొత్తగాలి గారి ప్రశ్న న్యాయమైనదే, అమ్ముడుపోతుందన్న భయం మాత్రం పెట్టుకోకండి, నా మొదటి రెండు నవలల కట్టలు ఇంట్లోనే ఉన్నాయి.

ఏడేళ్ళ ముడి తీసేశాను. ఆ కాలమంతా ఆమె ఎదురుచూస్తూ ఉంటుందని రాసుకున్నాను. నిజానికి ఆ ఏడేళ్ళూ కంద తవ్వడంలో, గెలలు మోయడంలో, అత్తతో పేచీలో గడుస్తాయి. ఆ పనుల సందున అతని మీద ప్రేమా పెరుగుతుంది, ఇంకో మనిషి మీద ప్రేమా పుడుతుంది. ఒకటి తగ్గితేనే ఇంకొకటి రావాలని నేను ఎందుకు లెక్క వేశానో నాకే తెలియదు. మంచినీళ్ళు తెచ్చిచ్చే ఆ బాబాయిని చదివాక ఆ లెక్క నిలవలేదు. మెలితిరిగిన మొవ్వు కూడా కథలోకి వస్తుంది. తోట గారి నాన్నగారిలాగే ఆమె మామగారు చెట్లను నరకనివ్వడు, ఊళ్ళో అందరికీ విసుగు పుడుతుంది.

నల్లకోటు గారు చెప్పిన షరతు నన్ను నిద్రపోనివ్వలేదు. నిన్న ఆ సన్నివేశం రాశాను. కాలవ గట్టు మీద, అతను ఒలిచిన కాయలు లెక్కపెడుతుంటాడు. ఉన్న సంగతి ఉన్నట్టు చెబుతుంది: గాజులు తీయలేదు, కర్మ చేయలేదు, గడియ... కాదు, గడియ నాది కాదు. ‘ఆయన తిరిగివస్తే?’ అని ఆమే అడుగుతుంది. అతను లెక్క తప్పి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టి, ‘వస్తే ముందు అన్నం పెడదాం. ఎన్నాళ్ళైందో తిని’ అంటాడు. ఆవకాయ జాడీ గారూ, ఇక్కడ ఆమె నవ్వుతుంది. పెళ్ళి అవుతుందో లేదో ఇంకా తెలియదు, ఆమె ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

రేవు మలుపు గారూ, మీ ఇంటి సంగతులు ఏవీ మీ అనుమతి లేకుండా వాడను. అమ్మగారికి నా నమస్కారాలు.

రేవు మలుపు

అమ్మకు చదివి వినిపించాను. గట్టు మీద చెప్పుల సంగతి రాసుకోవచ్చు అంది. తలుపు వద్దు అంది. ఇంకో మాట చెప్పమంది: ఆ రోజు పులిహోర బాగాలేదట.

పుస్తకాల సంచి

శీర్షిక మార్చండి మరి.

గౌతమి గట్టు

మారుస్తాను. తోట గారూ, 97లో కొబ్బరి వరసల్లో పెట్టింది ఏ అరటి అని రాయమంటారు?

కొబ్బరి తోట

కర్పూర చక్కెరకేళి అని రాయండి. గెలలు రావులపాలెం సంతకు తోలిందని రాయండి. ధర మాత్రం రాయకండి, అంతకు అమ్మలేదని మా ఊళ్ళోనే నలుగురు మీ మీదికి వస్తారు.